రెండు వేళ్ల సందు

గురువారం పొద్దున వాన వెలిసిందో లేదో ఆమె కారు తలుపు తీసి, ముందు సీటు కింద పరిచిన పట్టా మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు ఉబికి పైకొచ్చాయి. భయపడ్డట్టే అయింది. ఆమె భయపడేవాటిలో నూటికి తొంభై జరగవు. జరిగే ఆ పదీ చాలు, మిగతా తొంభైకీ కాళ్లొచ్చి ఇంటి చుట్టూ తిరగడానికి.

"ఏమండీ, కారులో మడుగు కట్టింది," అంది.

భర్త వాకిట్లో మెట్టు మీద కూర్చుని చెప్పులు తుడుచుకుంటున్నాడు. లేవలేదు. తలైనా ఎత్తలేదు.

"కడిగావా?" అన్నాడు.

"ఏమిటి కడిగేది?"

"కారు. పైపు పెట్టి. కొత్త అద్దం వేశాక వారం దాకా నీళ్లు కొట్టద్దని తమ్ముడు చెప్పి వెళ్లాడు కదా."

"వాన పడిందండీ. మీరు కళ్లారా చూశారు."

"వానకి కార్లు కారవు. పైపు పెడితే కారతాయి."

ఆ ఇంట్లో ఆమె కడగని వస్తువంటూ లేదు. కూరలు కడుగుతుంది, కూరలు తెచ్చిన సంచీ కడుగుతుంది, ఆ సంచీ పెట్టిన గట్టు కడుగుతుంది. బిగించి ఉన్న ఫ్యాను రెక్కల్ని కూడా స్టూలెక్కి సబ్బునీళ్లతో కడిగి, రెండు రోజులు స్విచ్చి వెయ్యనివ్వలేదు. అందుకే ఆ మాట ఆమెకి ఇట్టే అంటుకుంది. కడగలేదంటే నమ్మే మనిషి ఆ గడపలో లేడు.

కూతురు పిల్లదాన్ని చంకనేసుకుని బయటికొచ్చింది. రెండేళ్ల పిల్ల. కూతురు తడి పట్టాని చూసింది, తల్లిని చూసింది.

"అమ్మా, నిజం చెప్పు. నేనేమీ అనను."

ఏమీ అననన్న ఆ మాటే ఆమెకు అన్నిటికంటే ఎక్కువగా గుచ్చుకుంది.

"నేను కడగలేదు. నీ పిల్ల మీద ఒట్టు."

"పిల్ల మీద ఒట్లెందుకు ఇప్పుడు?" అని కూతురు పిల్లదాన్ని ఇంకో చంకకి మార్చుకుంది. కొత్త ఉద్యోగం, కొత్త ఊరు. సోమవారం పొద్దున్నే ఈ కారులోనే బయల్దేరాలి. ఆరు గంటల దారి. డ్రైవింగు తనే, పక్కన పిల్ల కూర్చునే బుట్ట సీటు.

ఆరు గంటలూ ఆమె కళ్ల ముందు నడిచాయి. దారిలో వాన. పక్కనుంచి లారీ. ఆ గాలికి ముందు అద్దం అంచు లేచి, నిలువెత్తు పలకలా లోపలికి ఒరిగి, బుట్ట సీటు మీద.

"ఆ అద్దం సరిగ్గా అతకలేదు. నీళ్లొచ్చే సందులోంచి గాలి రాదా? గాలొస్తే అద్దం ఊడదా?"

"మొదలైంది," అన్నాడు భర్త చెప్పుతో. అవును, చెప్పుతోనే అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

ఆమె కారు తలుపు వేసింది. మళ్లీ తీసి మళ్లీ వేసింది. ఏ తలుపైనా ఆమె రెండుసార్లు వేస్తుంది. మొదటిది మూయడానికి, రెండోది మూశానని నమ్మడానికి.

శుక్రవారం మరిది వచ్చాడు. అద్దాలు బిగించడమే అతని పని. ఇళ్లకీ, షాపులకీ, అడిగితే కార్లకీ. వేళ్ల నిండా పాత కోతల గీతలు. కిందటి శనివారం ఈ వాకిట్లోనే రాయి తగిలి బీటలిచ్చిన అద్దం తీసేసి, కొత్తది అతికించి, నల్ల గమ్ము ఆరేదాకా కదలకుండా అడ్డంగా టేపులు వేసి వెళ్లింది అతనే. అన్న కారని తీరిక చేసుకుని వచ్చాడు.

ఇప్పుడు అతను బొటనవేలితో అద్దం చుట్టూ ఉన్న రబ్బరు అంచు పొడుగునా తడుముతూ పోయాడు. చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగాడు.

"పైకి బాగానే ఉంది. నేను అతికించినట్టే ఉంది."

"మరి నీళ్లు?" అన్నాడు అన్న.

"ఎవరో గట్టిగా నీళ్లు కొట్టుండాలి, ఆరకముందే."

"ఇంకెవరు? మీ వదినే."

వదిన అప్పుడు ఉల్లిపాయలు తరుగుతున్నదల్లా లేచి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో కత్తి ఉన్న సంగతి ఆమెకే గుర్తు లేదు.

"ఏమయ్యా, నేను నీళ్లు కొట్టడం నువ్వు చూశావా?"

"చూడలేదు వదినా. అయ్యుంటుందంటున్నాను."

"అయ్యుంటుంది. నా విషయంలో అన్నీ అయ్యుంటాయి. నీ చేతిపని మాత్రం తప్పయ్యుండదు."

"మెల్లగా. వీధి," అన్నాడు భర్త.

వీధి అప్పటికే వింటోంది. ఎదురుగా మందుల షాపాయన షట్టరు సగం ఎత్తి అక్కడే ఆగిపోయాడు. ఆయన పక్క గది కూడా కలుపుకుని షాపు పెద్దది చేస్తున్నాడు. ముందు వైపు గోడ తీసేసి నేల నుంచి కప్పు దాకా అద్దమే పెట్టించాలని, ఆ పని మరిదికే ఇస్తానని నెల నుంచి చెబుతున్నాడు. మరిది చేతికి అంత పెద్ద పని రావడం అదే మొదలు. అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు.

తెలిసే అంది.

"కారు అద్దం నిలబెట్టలేనివాడివి, రేపు అంతెత్తు షాపు అద్దం ఏం నిలబెడతావయ్యా? మందుల కోసం వచ్చినవాళ్ల నెత్తి మీద పడితే అప్పుడు కూడా నేనే కడిగానంటావా?"

మరిది మొహంలో రంగు మారలేదు. బొటనవేలు మాత్రం రబ్బరు మీద ఆగిపోయింది. అతను మెల్లగా వీధి వైపు తిరిగాడు. మందుల షాపాయన షట్టరు మిగతా సగం ఎత్తి, గొంతు సవరించుకున్నాడు.

"మన పని గురించి కొంచెం ఆగి చూద్దాంలే తమ్ముడూ," అన్నాడు. "తొందరేముంది?"

మరిది తల ఊపాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "రేపు సామాను తెచ్చి విప్పి చూస్తాను," అని అన్నతో చెప్పి వెళ్లిపోయాడు. వదినతో వెళ్లొస్తానని కూడా అనలేదు.

ఆమె లోపలికొచ్చి తరుగుతున్న ఉల్లిపాయల ముందు కూర్చుంది. కూతురు వెనకాలే వచ్చి, "బాగుందా అమ్మా ఇప్పుడు?" అంది. కళ్లు మండుతున్నాయని ఆమె ఉల్లిపాయల్ని తిట్టింది.

శనివారం మరిది చెప్పిన వేళకే వచ్చాడు. భుజానికి సంచీ, చేతిలో గమ్ము గొట్టం ఎక్కించిన తుపాకీలాంటి పనిముట్టు. ఆమె టీ గ్లాసు కారు బానెట్టు మీద పెట్టింది. అతను దాన్ని అక్కణ్ణుంచి తీసి గోడ మీద పెట్టాడు, తాగలేదు. టీ మీద మీగడ కట్టి ముడత పడింది.

"మీరు కొంచెం పక్కకి జరగండి," అన్నాడు.

పాతికేళ్లుగా నువ్వు నువ్వంటూ వదిన చేతి అన్నం తిన్న మనిషి. ఆమె జరిగింది. జరిగి, లోపలికి వెళ్లి, సుద్దపొడి మూటతో తిరిగొచ్చింది.

ఇంట్లో కుట్టుమిషను మీద ఆమె స్కూటర్లకి వాన కవర్లు కుడుతుంది. కవరు కుట్టి ఊరుకోదు. లోపలి వైపు పైకి తిప్పి, కుట్టు పొడుగునా సుద్దపొడి అద్ది, అటుపక్క నుంచి నీళ్లు పోసి చూస్తుంది. ఎక్కడ పొడి నల్లబడితే అక్కడ సూది దారి తప్పిందన్నమాట. షాపువాళ్లు ఒక్క కవరూ వెనక్కి పంపింది లేదు.

"తడి కింద కనపడితే సందు కిందే ఉందనుకోకు. కుట్టులో నీళ్లు నడుస్తాయి. దిగేచోటు వేరు, తేలేచోటు వేరు," అంది. "నేను లోపల కూర్చుంటాను. నువ్వు బయట నుంచి నీళ్లు పొయ్యి."

మరిది సంచీ కింద పెట్టాడు. కారు లోపల అద్దం పక్క కమ్మీకి ఉన్న ప్లాస్టిక్ తొడుగు పట్టుకుని లాగాడు. అది టకటకమని ఊడి వచ్చింది. ఆమె ముందు సీట్లో మోకాళ్ల మీద నిలబడి, గుడ్డ మూటతో అద్దం అంచు చుట్టూ పొడి అద్దింది. పసిపిల్లకి స్నానమయ్యాక మెడ మడతల్లో అద్దినట్టు అద్దింది.

అతను పైపు తెచ్చి అద్దం పై అంచు మీద పెట్టాడు. ఆమె లోపల్నుంచి అద్దం మీద వేలి కణుపుతో కొట్టింది.

"పైనుంచి పోస్తే అంతా తడుస్తుంది, ఏది ఎక్కడిదో తెలీదు. కింద నుంచి రా."

అతను పళ్లు బిగించి కింద నుంచి మొదలుపెట్టాడు. సన్నటి ధార. కింది అంచు అంతా పోశాడు. పొడి తెల్లగానే ఉంది. పక్క అంచు పైకి పైకి వచ్చాడు. తెల్లగానే ఉంది. భర్త మెట్టు మీద నుంచి, "చూశావా, ఏమీ లేదు," అన్నాడు. ధార పై మూలకి చేరింది. పొడిలో పెన్సిలు మొన ఆనినంత చుక్క పడింది. చుక్క పెసరగింజంత అయింది. అందులోంచి నల్లటి గీత బయల్దేరి కమ్మీ లోపల్నుంచి కిందికి పాకింది.

"దొరికింది," అంది. కారు దిగి మొగుడి వైపు తిరిగింది. "రండి. వచ్చి చూడండి. పైపు పెట్టి కడిగానా? ఇదిగో సందు. మీ తమ్ముడు వదిలేసిన సందు."

ఆ ఒక్క నిమిషం ఆమెకు కడుపు నిండినట్టనిపించింది.

మరిది పల్చటి ప్లాస్టిక్ పలకతో ఆ మూల రబ్బరు మెల్లగా లేపాడు. టార్చి వేసి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత అన్నని పిలిచాడు.

"ఇటు చూడన్నయ్యా. గమ్ము తక్కువ కాలేదు. నిండుగానే ఉంది. కానీ ఇక్కడ బయటికి పొంగింది చూడు, కాలిన చోట బొబ్బ లేచినట్టు. లోపల్నుంచి గాలి తోసింది."

"గాలెక్కడిది లోపల?"

"పచ్చిగా ఉన్నప్పుడు కారు అద్దాలన్నీ ఎక్కించి తలుపు గట్టిగా వేస్తే, లోపలి గాలికి పోయే దారుండదు. ఏది మెత్తగా ఉంటే దాన్ని తోసుకుని పోతుంది. అందుకే కదా తలుపు అద్దం రెండు వేళ్లు దించి ఉంచమన్నాను. తలుపు మెల్లగా వెయ్యమన్నాను. ఒక రోజంతా. నీతో చెప్పే వెళ్లాను."

"ఉంచాం కదా," అన్నాడు అన్న.

"రోజంతా?"

"రోజంతా."

ఆమె చేతిలో సుద్దపొడి మూట ఉంది. వేళ్లు తెల్లగా ఉన్నాయి. కిందటి శనివారం మధ్యాహ్నం ఆ వేళ్లే కారు తలుపులో అద్దం ఎక్కించే పిడి తిప్పాయి. తలుపు అద్దం కాస్త దిగి ఉంది. కూతురు మర్చిపోయిందనుకుంది. పిల్లి దూరుతుందనుకుంది, దొంగ చెయ్యి పెడతాడనుకుంది, వానొస్తుందనుకుంది. పిడి చివరిదాకా తిప్పి అద్దం ఎక్కించింది. తలుపు వేసింది. పడిందో లేదోనని తీసి ఇంకోసారి, ఇంకా గట్టిగా వేసింది. ఆ చప్పుడు ఇప్పుడు ఆమె ఛాతీలో మోగింది.

మరిది అన్న మొహంలోకి కాసేపు చూశాడు. చూపు దించుకున్నాడు.

"అయితే నాదే తప్పు," అన్నాడు. "గమ్ము పాతదయ్యుండాలి. తేదీ చూసుకోవాల్సింది."

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. చెబితే మొగుడు ఏమంటాడో, కూతురు ఏమీ అననంటూ ఏమంటుందో ఆమెకు ముందే వినపడింది. నిన్న వీధిలో అరిచిన గొంతు ఇవాళ వాకిట్లో కూడా పెగల్లేదు.

మరిది పనిలో పడ్డాడు. పొంగిన గమ్ముని బ్లేడుతో పొరలు పొరలుగా కోసి తీశాడు. గుడ్డకి స్పిరిటు పోసి తుడిచాడు. కూతురు జుట్టు ఆరబెట్టుకునే మిషను ఇస్తే దానితో ఆ మూలంతా ఆరబెట్టి, వేలి వెనకవైపుతో తాకి చూశాడు. గమ్ము పనిముట్టు నొక్కుతూ చెయ్యి వణక్కుండా నల్లటి ధార వదిలాడు. ఎక్కడా తెగలేదు. అరచేత్తో అద్దం నొక్కి పట్టి, పెదాలు కదుపుతూ ఏదో లెక్క పెట్టుకుని, టేపులు వేశాడు. అంత శ్రద్ధగా పనిచేసే మనిషిని ఆమె తన కుట్టుమిషను ముందు తప్ప ఇంకెక్కడా చూడలేదు.

వెళ్లేముందు తలుపు అద్దం తనే రెండు వేళ్లు దించాడు. వేళ్లు సందులో పెట్టి మరీ కొలిచాడు. "రేపు ఈ వేళ దాకా," అన్నాడు అన్నతో. ఈసారి ఆమె కూడా వింది.

అతను వీధి మలుపు తిరగ్గానే ఆమె స్టూలు తెచ్చి కారు పక్కన వేసుకుంది. మబ్బు పట్టింది. వాన కవరు ముక్క ఒకటి కత్తిరించి, రెండు అంచులూ మడిచి కుట్టి, తలుపు అద్దం సందు మీద గొడుగులా దిగేలా టేపుతో అంటించింది. కింద నుంచి గాలి ఆడాలి, పైనుంచి చినుకు పడకూడదు. మూడుసార్లు విప్పి మూడుసార్లు అంటించింది. దారిన పోయేవాళ్లు చూసి నవ్వారు. కూతురు వచ్చి, "కారుకి జ్వరమా అమ్మా?" అంది. ఆమె నవ్వలేదు.

చినుకు మొదలయ్యాక భర్త గొడుగు కోసం వచ్చాడు. కారులోంచి గొడుగు తీసుకుని, అలవాటుగా తలుపు విసిరి వెయ్యబోయాడు. ఆమె అరచెయ్యి మధ్యలో పెట్టింది. తలుపు దాన్ని తాకి ఆగింది.

"చెయ్యి నలిగిపోయేది," అన్నాడు బిత్తరపోయి. "మతి ఉందా నీకు?"

"మెల్లగా వెయ్యండి. మీ తమ్ముడు చెప్పాడు కదా. కిందటి వారం కూడా చెప్పాడు కదా."

ఆయన గొడుగు తెరవకుండానే నిలబడ్డాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది ఆమె.

"చెబితే ఇదిగో ఇలాగే కూర్చుంటావు, స్టూలేసుకుని. అద్దం దిగిందంటే నీకు దొంగలు కనపడతారు. ఎందుకొచ్చిన గోల అని."

"కూర్చుంటే ఆ మూల పొంగేది కాదు."

ఆయన కళ్లు చిట్లించి ఆమెను చూశాడు. "ఎక్కించింది నువ్వా?"

"మర్నాడు టేపులు తీసింది మీరే. అద్దాలు పైకి ఉన్నాయి. చూడలేదా?"

చినుకులు ఆయన భుజాల మీద పడుతున్నాయి.

"చూశాను," అన్నాడు చివరికి. "ఒక్క రోజుకేమవుతుందిలే అనుకున్నాను."

"చూసి, కడిగావా అన్నారు."

ఆయన గొడుగు తెరిచి, వెళ్లాల్సిన వైపు కాకుండా ఇంట్లోకే వెళ్లిపోయాడు. ఆమె అరచేతి మీద ఎర్రటి వాత తేలింది. దాన్ని చీరకొంగులో చుట్టుకుని వాన పూర్తిగా ఆగేదాకా అక్కడే కూర్చుంది.

ఆదివారం మరిది వచ్చి టేపులు తీశాడు. ఆమె అడగకుండానే లోపల కూర్చుని పొడి అద్దింది. అతను చెప్పకుండానే కింద నుంచి పోశాడు. పై మూల దగ్గర ధార చాలాసేపు ఉంచాడు. పొడి తెల్లగా, పొడిగా, అలాగే ఉంది.

"లేదు," అంది లోపల్నుంచి.

అతను పైపు కట్టేశాడు. ఆమె కారు దిగింది. కూతురు అరుగు మీద పిల్లకి పాలు తాగిస్తోంది. భర్త పేపరు వెనక ఉన్నాడు.

"ఆ రోజు అద్దం ఎక్కించింది నేనే," అంది మరిదితో. "తలుపు వేసింది కూడా నేనే. రెండుసార్లు. నీ గమ్ము పాతది కాదు."

పేపరు కదల్లేదు. కూతురు చేతిలో పాలసీసా గాల్లో ఆగింది.

మరిది ఊడదీసిన టేపుని ఉండ చుడుతున్నాడు. తల ఎత్తకుండానే, "నిన్న తెలుసా మీకు?" అన్నాడు.

"తెలుసు."

"నాదే తప్పని నేనంటుంటే విన్నారు."

"విన్నాను."

అతను ఉండని అరచేతిలో నలిపాడు. "నాకు చెప్పి ఏం లాభం?" అన్నాడు. "మీరు అన్నది నాతో కాదు. వీధితో అన్నారు."

ఆమె చేతులకున్న సుద్దపొడి దులుపుకోలేదు. అలాగే వాకిలి దాటింది. వీధి దాటింది. మందుల షాపు దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనుకుంది. మళ్లీ, శుక్రవారం ఎవరున్నారో చూసుకుని అరిచానా అనుకుంది.

"అన్నయ్యగారూ," అంది. శుక్రవారం ఎంత గొంతుతో అందో అంత గొంతుతోనే. "మా మరిది పనిలో తప్పు లేదు. ఆరకముందే నేను కారు అద్దాలు ఎక్కించి తలుపు వేశాను. నా వల్లే గమ్ము పొంగి నీళ్లు కారాయి. వెయ్యద్దని అతను చెప్పే వెళ్లాడు."

మందుల షాపాయన మాత్రల అట్ట కత్తిరిస్తూ ఆగాడు. నిలబడ్డ ఇద్దరూ ఆమె తెల్లటి చేతుల్నే చూశారు. ఒకడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంటి విషయాలు నాకెందుకులెండి," అన్నాడాయన.

"మొన్న విన్నారు కదా. ఇవాళా వినండి."

ఆయన అట్ట కత్తిరించడం పూర్తి చేశాడు. కాగితంలో చుట్టి ఇచ్చాడు. "సరే, ఒకసారి కనపడమనండి," అన్నాడు. ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు.

తిరిగొచ్చేసరికి మరిది ప్లాస్టిక్ తొడుగు మళ్లీ కమ్మీకి బిగించేశాడు. ఆమె అంటించిన వాన కవరు ముక్కని చింపకుండా ఊడదీసి, మడిచి, స్టూలు మీద పెట్టాడు. గోడ మీద టీ గ్లాసు ఖాళీగా ఉంది. ఇవాళ్టిది ఆమె పెట్టింది కాదు. కూతురు పెట్టి ఉంటుంది.

"కనపడమన్నాడు," అంది.

"విన్నాను. వీధంతా విన్నది," అన్నాడు. నవ్వలేదు. తలుపు పిడి తిప్పి అద్దం చివరిదాకా ఎక్కించాడు. కారు మిగతా తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఈ ఒక్కటే తెరిచి పట్టుకుని, పక్కకి తప్పుకున్నాడు.

"వెయ్యి వదినా."

ఆమె అరచెయ్యి తలుపుకి ఆనించింది. వాత ఇంకా నొప్పిగానే ఉంది. మెల్లగా తోసింది. తలుపు వచ్చి అంచుకి ఆనింది కానీ పడలేదు.

"అలా పడదు. గట్టిగా."

"ఊడితే?"

"ఊడదు."

అరుగు మీద కూతురు పిల్లని దగ్గరికి లాక్కుంది. పేపరు కొంచెం కిందికి దిగింది. ఆమె తలుపు బారెడు తెరిచి, కళ్లు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి విసిరింది. వీధి చివరి దాకా చప్పుడు వెళ్లింది.

కళ్లు తెరిచి పై మూల వైపు చూసింది. గమ్ము గీత కదల్లేదు. చెయ్యి అలవాటు కొద్దీ మళ్లీ తలుపు తీసే పిడి మీదికి పోయింది. అక్కడే ఆగి, కాసేపు ఉండి, వెనక్కి వచ్చేసింది.